దాడి విమానం ఎవరి చేతిలో ఉండాలి: ఆర్మీకా, ఎయిర్‌ఫోర్స్‌కా?

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లె. బీఎస్సీ ఎంపీసీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా పెదనాన్న ఆర్మీలో సుబేదార్‌గా రిటైరయ్యారు. మావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి వచ్చారు. పండక్కి ఇద్దరూ కలిస్తే చాలు, నేలమీది సైన్యానికి పైనుంచి సాయపడే అమెరికా వాళ్ల ఏ-10 దాడి విమానం మీద వాదన మొదలు. "జవాన్లు ప్రాణంగా చూసుకునే విమానాన్ని ఎయిర్‌ఫోర్స్ వాళ్లు తుక్కు కింద వేయాలని చూస్తున్నారు, నేలమీద మనిషి వాళ్లకి పట్టడు" అంటారు పెదనాన్న. "ఆర్మీ చేతికిస్తే తలో నాలుగు పంచుకుని ఎవరికీ కాకుండా చేస్తారు" అంటారు మావయ్య. నేను ఎస్‌ఎస్‌బీకి, అంటే సైనిక అధికారుల ఎంపిక ఇంటర్వ్యూకి తయారవుతున్నాను. ఇద్దరిలో ఎవరిది రైటు? గ్రూప్ డిస్కషన్‌లో ఇలాంటి టాపిక్ వస్తే ఏం మాట్లాడాలి? నేలమీద పోరాడే జవానుకి పైనుంచి సాయం చేసే పనే చేయాలని నా కోరిక. మరి ఎటు వెళ్లాలి?

సమాధానం: మీ పెదనాన్న కోపానికి కారణం ఉంది, మావయ్య భయానికీ ఉంది. కాకపోతే ఇద్దరూ విమానం పేరు పెట్టి కొట్లాడుకుంటున్నారు. అసలు తగాదా విమానం మీద కాదు. ఇవాళ పొద్దున ఆ విమానం ఎటు వెళ్లాలో చెప్పే హక్కు ఎవరిదన్న దాని మీద. ఈ తగాదాకి ఎనభై ఏళ్లు దాటాయి, ఏ-10 పుట్టక ముందు నుంచీ ఉంది.

1943 మొదట్లో ట్యునీషియాలో అమెరికా సేనలు జర్మన్ల చేతిలో గట్టి దెబ్బ తిన్నాయి. అప్పటికి అమెరికాకి విడిగా ఎయిర్‌ఫోర్స్ లేదు, విమానాలు కూడా ఆర్మీవే. తమ దళాల తలమీద పొద్దస్తమానం విమానాలు కాపలా తిరగాలని నేలమీది కమాండర్లు పట్టుబట్టేవారు. అలా ఇక్కడ నాలుగు, అక్కడ నాలుగు పంచేసరికి, జర్మన్లు ఒకేచోట గుంపుగా వచ్చి పడినప్పుడు ఎదుర్కోవడానికి చాలినన్ని ఎక్కడా ఉండేవి కావు. ఆ అనుభవం తర్వాత 1943 జూలైలో అమెరికా ఆర్మీ ఒక కొత్త నియమావళి వేసింది. నేల బలం, గగన బలం సమానం, ఒకదాని కింద ఇంకొకటి కాదు అని అందులో రాశారు. మావయ్యగారి మాటకు మూలం అక్కడుంది.

పెదనాన్నగారి వైపు నుంచి చూడాలంటే మీ ఊరి కాలవే చాలు. డెల్టా చివరి ఆయకట్టు రైతుకి నీళ్లు ఎప్పుడొస్తాయో తేల్చేది పైనున్న లాకు. మొత్తం ఆయకట్టు చూసుకుని నీళ్లొదలడం న్యాయమే, లస్కర్ చెడ్డవాడూ కాదు. కానీ పొట్టమీదున్న చేను ఎండుతుంటే, "రేపు మీ వంతు" అన్న మాట ఆ రైతుకి ఏ మాత్రం ఊరటనిస్తుంది? కొండమీద ఇరుక్కున్న పటాలం కమాండర్‌ది అదే పరిస్థితి. అందుకే తన మాట వినే విమానం తనకుండాలనుకుంటాడు.

ఇక ఒప్పందాల సంగతి. 1947లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఆర్మీ నుంచి విడిపోయింది. ఆస్తి పంపకాలు ఒక్క రోజులో తెగలేదు. 1948 మార్చిలో రక్షణ మంత్రి జేమ్స్ ఫారెస్టల్ సైన్యాధిపతులందరినీ కీ వెస్ట్‌లో కూర్చోబెట్టి ఎవరి పని ఏదో రాయించారు. నేలమీది సైన్యానికి పైనుంచి దన్నుగా ఉండే పని ఎయిర్‌ఫోర్స్‌కి పడింది. 1952లో ఇంకో ఒప్పందం: ఆర్మీ వాడుకునే రెక్కల విమానం ఖాళీ బరువు 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు దాటకూడదు. హెలికాప్టర్ బరువుకి మాత్రం పరిమితి పెట్టలేదు. అప్పట్లో అదేదో చిన్న వస్తువు కదా అనుకున్నారు. 1966లో ఆర్మీ అధిపతి హెరాల్డ్ జాన్సన్, ఎయిర్‌ఫోర్స్ అధిపతి జాన్ మెకానెల్ మూడో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆర్మీ తన దగ్గరున్న క్యారిబూ రవాణా విమానాలు వదులుకుంది. బదులుగా యుద్ధభూమిలో ఎగిరే హెలికాప్టర్ల జోలికి రామని ఎయిర్‌ఫోర్స్ ఒప్పుకుంది. వియత్నాంలో యుద్ధం నడుస్తుండగా జరిగిన బేరమిది!

రెక్కల విమానం వద్దన్నారు కాబట్టి ఆర్మీ హెలికాప్టర్‌కే రెక్కలు పెట్టించింది. లాక్‌హీడ్ కంపెనీ తయారుచేసిన షయాన్ 1967 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎగిరింది. పక్కన చిన్న రెక్కలు, తోకన వెనకనుంచి తోసే ప్రొపెల్లర్, నిండా ఆయుధాలు. దాన్ని చూసి ఎయిర్‌ఫోర్స్‌కి టెన్షన్ పట్టుకుంది. ఈ పని మనం సరిగా చేయకపోతే ఆర్మీ ఎత్తుకుపోతుంది, పనితో పాటు బడ్జెట్టూ పోతుంది. సూపర్‌సానిక్ విమానాల మీద మోజుపడే సంస్థ, నేలమీది సైనికుడి కోసమే ఒక నిదానమైన, మొండి విమానం కావాలని అప్పుడే పూనుకుంది. నార్త్‌రప్ వాళ్ల నమూనాకీ ఫెయిర్‌చైల్డ్ రిపబ్లిక్ వాళ్ల నమూనాకీ 1972లో పోటీ పెట్టారు. 1973 జనవరిలో ఫెయిర్‌చైల్డ్ గెలిచింది. మీ ఇంట్లో తగువు పెడుతున్న ఏ-10 అదే.

ఈ ముక్క మీ పెదనాన్నగారికి చెప్పి చూడండి, ఒప్పుకోవడం కష్టమే: జవాన్లు ప్రాణంగా చూసుకునే ఆ విమానం జవాన్ల మీద ప్రేమ ఒక్కదానితోనే పుట్టలేదు. పక్క దళం ఎక్కడ తన్నుకుపోతుందోనన్న భయం కూడా తోడైతేనే పుట్టింది. దళాల మధ్య పోటీ ఎప్పుడూ చెరుపే చేస్తుందని పత్రికల్లో రాస్తుంటారు. నేనలా అనుకోను. ఆ పోటీ లేకపోతే ఏ-10 లేదు. షయాన్ సంగతంటారా, ఖర్చు పెరిగి, ప్రమాదం జరిగి, సాంకేతిక చిక్కులు తెమలక 1972 ఆగస్టులో రద్దయిపోయింది. దాని స్థానంలో ఆర్మీ మొదలుపెట్టిన కొత్త ప్రయత్నమే అపాచీ దాడి హెలికాప్టర్. ఆ అపాచీ మొండేన్ని ఇప్పుడు హైదరాబాద్ శివారు ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారంలో తయారుచేస్తున్నారు.

ఏ-10 ఎందుకంత మొండిదో కాస్త చూద్దాం. ముక్కులో ఏడు గొట్టాల 30 ఎంఎం ఫిరంగి. ఒక్కో తూటా ఇంచుమించు అడుగు పొడవు, నిమిషానికి 3,900 చొప్పున కాల్చగలదు. నిజానికి అది మోసుకెళ్లేది 1,174 తూటాలే, ఆపకుండా కాలిస్తే ఇరవై సెకన్లలోపే ఖాళీ. పైలట్ కూర్చునే చోటు చుట్టూ సుమారు 540 కిలోల టైటానియం కవచం. ఇంజన్లు వెనక, పైన, ఒకదానికొకటి దూరంగా. హైడ్రాలిక్స్, అంటే నూనె ఒత్తిడితో విమానాన్ని తిప్పే ఏర్పాటు, మొత్తం పోయినా తీగలతో, చేతి బలంతో నడిపే ఏర్పాటుంది. 2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద కెప్టెన్ కిమ్ క్యాంప్‌బెల్ విమానానికి జరిగింది అదే. కింద చిక్కుకున్న సైనికుల పిలుపుకి వెళ్లి దాడి చేసి తిరుగుతుంటే తోకకు దెబ్బ తగిలి హైడ్రాలిక్స్ పోయాయి. దూకేస్తే కింద శత్రువు. ఆమె దూకకుండా, చేతి బలంతోనే దాన్ని కువైట్ దాకా లాక్కొచ్చి దింపారు. ఇలాంటి విమానాన్ని సైనికులు ప్రేమించకుండా ఎలా ఉంటారు?

అయితే ప్రేమ వేరు, లెక్క వేరు. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్‌లో ఇదే ఏ-10లు బ్రిటిష్ సైనికుల కవచ వాహనాలను శత్రువులవనుకుని కొట్టాయి. తొమ్మిది మంది చనిపోయారు. కిందికి వచ్చి, కళ్లతో చూసి కొట్టే విమానం కదా, పొరపాటు పడదనే నమ్మకం ఆ రోజు నిలబడలేదు. ఎయిర్‌ఫోర్స్ వాదన ఇంకొకటుంది. అది కొట్టిపారేసేది కాదు. భుజంమీద పెట్టి కాల్చే క్షిపణులు, మంచి రాడార్లు ఉన్న శత్రువు ఎదురైతే నిదానంగా, కిందుగా ఎగిరే విమానం ఎంతసేపు బతుకుతుంది? అఫ్ఘానిస్తాన్‌లో ఎన్నోసార్లు జవాన్లకు దన్నుగా నిలిచింది అల్లంత ఎత్తున తిరుగుతూ జీపీఎస్ బాంబులు వేసిన బీ-52, బీ-1 బాంబర్లు. అవి ఆర్మీ కోసం పుట్టినవి కానే కావు, అణుబాంబులు మోయడానికి పుట్టినవి.

2014లో ఎయిర్‌ఫోర్స్ మొత్తం ఏ-10లనూ దించేస్తామంది. ఐదేళ్లలో 400 కోట్ల డాలర్లకు పైగా మిగులుతుందని లెక్క చూపింది. ఆ డబ్బు ఎఫ్-35 లాంటి కొత్త ఫైటర్ విమానాలకి కావాలి. అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు. అడ్డుపడ్డవాళ్లలో సెనేటర్ జాన్ మెకేన్ ఉన్నారు, భర్త ఏ-10 పైలట్ అయిన సెనేటర్ కెల్లీ ఎయాట్ ఉన్నారు, తానే ఏ-10 నడిపిన మార్తా మెక్‌సాలీ ఉన్నారు. మెకేన్, మెక్‌సాలీల రాష్ట్రం అరిజోనాలోనే ఏ-10ల పెద్ద స్థావరం ఉందన్న సంగతి కూడా పక్కన పెట్టుకోండి. జవాన్ల మీద ప్రేమ, ఓటర్ల మీద ప్రేమ అక్కడ కలిసే నడిచాయి. 2015లో జేమ్స్ పోస్ట్ అనే మేజర్ జనరల్ తన కింది అధికారులతో, ఏ-10 బాగుందని కాంగ్రెస్ సభ్యుల చెవిన వేయడం దేశద్రోహం అన్నారు. ఆ మాట బయటికి పొక్కి పదవి పోగొట్టుకున్నారు. ఒక విమానం గురించి దేశద్రోహం దాకా మాట వెళ్లిందంటే, గొడవ విమానం గురించి కాదని వేరే చెప్పాలా? 2025లో కూడా మిగిలినవన్నీ ఒకేసారి దించేస్తామని ఎయిర్‌ఫోర్స్ ప్రతిపాదన పెట్టింది.

మీ ఇంట్లో ఇద్దరూ వదిలేస్తున్న ముక్క ఇంకొకటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అదే. 1944లో నార్మండీలో ఎల్వుడ్ కెసాడా అనే వైమానిక జనరల్ ఒక పని చేశాడు. విమానాల్లో వాడే రేడియోలు తెచ్చి ఆర్మీ ట్యాంకుల్లో పెట్టించి, వాటిలో తన పైలట్లనే కూర్చోబెట్టాడు. పైలట్‌కి పైలట్ భాష తెలుసు. పైనున్నవాడికి పైనుంచి ఏం కనిపిస్తుందో కిందున్నవాడు ఊహించగలడు. ముందుకు కదిలే ట్యాంకుల వరస మీద నాలుగేసి పీ-47 విమానాలు ఎప్పుడూ తిరుగుతుండేవి. విమానాలు ఆర్మీ కమాండర్ చేతికివ్వలేదు. మాట మాత్రం నేరుగా అందేలా చేశారు.

ఇప్పుడు ఆ పని చేసేవాళ్లని జేటాక్ అంటారు. పదాతి దళంతో కలిసి నడుస్తూ, విమానాన్ని లక్ష్యం మీదికి నడిపించే అధికారం ఉన్న మనిషి. పైలట్‌కి రేడియోలో తొమ్మిది వరసల సమాచారం ఇస్తాడు: ఎటునుంచి రావాలి, ఎంత దూరం, లక్ష్యం ఎంత ఎత్తున ఉంది, అదేమిటి, ఎక్కడుంది, గుర్తుగా ఏం పెట్టాం, ఇలా. ఎనిమిదో వరస మనవాళ్లు ఎక్కడున్నారన్నది. ఆ వరస తేడా వస్తే ఏ విమానమైనా ఒకటే.

2001 డిసెంబర్ 5న కాందహార్ దగ్గర అలాంటిదే జరిగింది. అమెరికా ప్రత్యేక దళంతో ఉన్న కంట్రోలర్ శత్రువు స్థానాన్ని జీపీఎస్ పరికరంలో గుర్తించాడు. ఇంతలో బ్యాటరీ అయిపోతే కొత్తది వేశాడు. బ్యాటరీ మార్చగానే ఆ పరికరం తానున్న చోటునే చూపిస్తుందని అతనికి తట్టలేదు. ఆ అంకెలే పైకి చెప్పాడు. బీ-52 వేసిన 2,000 పౌండ్ల బాంబు చెప్పిన చోటనే, గురి తప్పకుండా, వాళ్ల మీదే పడింది. ముగ్గురు అమెరికన్ సైనికులు, వాళ్లతో ఉన్న అఫ్ఘాన్లు చనిపోయారు. ఆ తర్వాత అఫ్ఘాన్ అధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ అక్కడే ఉండి స్వల్ప గాయాలతో బయటపడ్డారు. ఆ బాంబర్ ఆర్మీదైనా, ఎయిర్‌ఫోర్స్‌దైనా, ఏ-10 అయినా ఫలితం మారేది కాదు.

అమెరికాలోనే మెరైన్లు మాత్రం తమ విమానాలు తమవేనంటారు, ఎవరి మాటా వినరు. 1942 ఆగస్టులో గ్వాడల్‌కెనాల్ దీవిలో వాళ్లని దింపి నేవీ విమానవాహక నౌకలు వెనక్కి మళ్లాయి. ఆ గాయం వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. పైగా ఓడల మీంచి దిగేవాళ్లకు ఫిరంగులు తక్కువ, విమానమే వాళ్ల ఫిరంగి. వాళ్ల పద్ధతి వాళ్లకి పనిచేస్తుంది. అందరికీ అదే చేయాలంటే మాత్రం డబ్బు చాలదు.

మన దగ్గరికొద్దాం. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ ఏ-10 ఫిరంగి గురించి అరుస్తుంటే మీరు మాట్లాడాల్సింది ఇదే. 1971 డిసెంబర్ 5న లోంగేవాలాలో పాకిస్తాన్ ట్యాంకులను పట్టపగలు చీల్చిచెండాడింది జైసల్మేర్ నుంచి లేచిన ఎయిర్‌ఫోర్స్ హంటర్ జెట్ విమానాలు. వాటికి ట్యాంకులు ఎక్కడున్నాయో పైనుంచి చూపించింది ఆర్మీ అధికారి మేజర్ ఆత్మాసింగ్, కృషక్ అనే చిన్న విమానంలో తిరుగుతూ. లోంగేవాలా పేరు చెప్పి ఒక్క దళమే గొప్పదనేవాళ్లు ఈ సగం కథ దాటేస్తారు.

1999 కార్గిల్‌లో కథ ఇంత సాఫీగా లేదు. మే నెలలో ఆర్మీ సాయుధ హెలికాప్టర్లు కావాలంది. దాడి హెలికాప్టర్లు ఆ ఎత్తులో పోరాడలేవని, విమానబలం దింపాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని ఎయిర్‌ఫోర్స్ అంది. మే 25న అనుమతి వచ్చింది, 26న దాడులు మొదలయ్యాయి. 27న రెండు విమానాలు, 28న ఒక ఎంఐ-17 హెలికాప్టర్ పోయాయి. హెలికాప్టర్లో ఉన్న నలుగురూ వీరమరణం పొందారు. ఆ తర్వాత సాయుధ హెలికాప్టర్లను పక్కనపెట్టి, విమానాలను క్షిపణులకు అందనంత ఎత్తుకి లేపారు. జూన్ 24న మిరాజ్ యుద్ధ విమానాలు టైగర్ హిల్ మీద లేజర్‌తో గురిపెట్టే బాంబులు వేశాయి. ఎత్తు గురించి ఎయిర్‌ఫోర్స్ చెప్పింది నిజమైంది. కొండమీద ప్రాణాలకు తెగించి ఎక్కుతున్న ఆర్మీకి తొందర ఉండటమూ న్యాయమే. యుద్ధం మధ్యలో ఈ పంచాయితీ రావడం ఒక్కటే తప్పు.

ఆర్మీ ఏవియేషన్ కోర్ 1986 నవంబర్ 1న విడిగా ఏర్పడింది. దాడి హెలికాప్టర్లు మాత్రం చాలాకాలం ఎయిర్‌ఫోర్స్ దగ్గరే ఉన్నాయి. 2015 ఒప్పందంలోని 22 అపాచీలూ ఎయిర్‌ఫోర్స్‌కే వెళ్లాయి. ఆర్మీకి 2020లో ఆరు కొన్నారు. జోధ్‌పూర్‌లో 2024 మార్చిలో స్క్వాడ్రన్ పెట్టి, హెలికాప్టర్లు లేకుండా ఏడాదికి పైగా ఎదురుచూశారు. 2025 జూలైలో మొదటి మూడు వచ్చాయి. అంటే ఒకే హెలికాప్టర్‌ని రెండు దళాలు విడివిడిగా కొని, విడివిడిగా నడుపుతున్నాయి. ఇది తెలివైన పనేనా అని గ్రూపులో ఒక ప్రశ్న వదలండి, చర్చ దానంతటదే దారిలో పడుతుంది. 2021 జూలైలో అప్పటి త్రివిధ దళాల అధిపతి జనరల్ బిపిన్ రావత్ ఎయిర్‌ఫోర్స్‌ని ఫిరంగి దళం, ఇంజనీర్ల లాంటి సహాయక అంగంగా పోల్చారు. ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా అదే రోజు కాదన్నారు. మీ పెదనాన్న, మావయ్యల వాదన ఢిల్లీలో పెద్దపదవుల్లో ఉన్నవాళ్లదే.

గ్రూపులో ఏదో ఒక దళం జెండా పట్టుకోకండి. నాకు తెలిసినంతలో అక్కడ చూసేది మీరెటు పక్షమో కాదు, ఎదుటివాళ్ల మాట విని దాన్ని ఎంత ముందుకు తీసుకెళ్తారన్నది. మీ అభిప్రాయం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. నన్నడిగితే, హెలికాప్టర్లు ఆర్మీతో ఉండాలి, ఎందుకంటే అవి దళంతో పాటే కదలాలి, అదే మట్టిలో దిగాలి. జెట్లు ఎయిర్‌ఫోర్స్‌తో ఉండాలి, ఎందుకంటే అవి మధ్యాహ్నానికి మూడు వందల కిలోమీటర్ల అవతల కావలసి రావచ్చు. రెంటికీ మధ్య రేడియో పట్టుకునే మనిషిని రెండు దళాలూ కలిసి తయారుచేయాలి. దీన్ని ఒప్పుకోని వాళ్లు మీ ఇంట్లోనే ఇద్దరున్నారు, ముందు వాళ్ల దగ్గర ప్రాక్టీస్ చేయండి.

ఎటు వెళ్లాలన్నారు కదా. మీకు రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కి ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీలో 60 శాతం ఉండాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివి ఉండాలి, ఎంపీసీ కాబట్టి మీకు ఇబ్బంది లేదు. వయసు కోర్సు మొదలయ్యేనాటికి 20 నుంచి 24 మధ్య. ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి: పైలట్ ఎంపికకు పెట్టే కంప్యూటర్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. తప్పితే ఫ్లయింగ్ బ్రాంచ్ తలుపు మళ్లీ తెరుచుకోదు. కాబట్టి 'ఎలా ఉంటుందో చూసొద్దాం' అని సరదాకి వెళ్లకండి. ఆర్మీకైతే సీడీఎస్ అనే పరీక్ష ద్వారా చెన్నైలోని ఓటీఏ, అంటే ఆఫీసర్ల శిక్షణ అకాడమీ. అక్కడి నుంచి ఆర్మీ ఏవియేషన్‌కి వెళ్లే వీలుంది. 2022 మేలో కెప్టెన్ అభిలాషా బరాక్ ఆ కోర్‌లో తొలి మహిళా కాంబాట్ ఏవియేటర్ అయ్యారు. కింద జవాన్లకి దగ్గరగా, కొండల్లో, దుమ్ములో ఉండటం ఇష్టమైతే ఇది మీకు నప్పుతుంది. జెట్ నడపాలనుంటే మొదటిది. తేల్చుకోలేకపోతే ఈసారి నోటిఫికేషన్లు పడగానే రెండింటికీ అప్లై చేయండి, ఓటీఏ ఇంటర్వ్యూకి ముందు వెళ్లి రండి. ఆ పైలట్ పరీక్ష సంగతి బాగా తయారయ్యాక చూసుకోవచ్చు.